రెండు పట్టికల పోలిక



నిన్నటికంటె నేడు ఏమి మారినది? ఏమి క్రొత్తగా చేరినది? ఏమి పోయినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పలేని లెక్క కాగితముల మోపు మాత్రమే.

గ్రామ లెక్కలకు ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదీన ఆరంభమగును. 2023 జూలై మొదలు 2024 జూన్ వరకు నడచినది 1433వ ఫసలీ. ఆ ఫసలీ అడంగలును, తరువాతి ఫసలీ అడంగలును ప్రక్కప్రక్కన పెట్టినచో కవలపిల్లలవలె కనబడును. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పైరు: రెంటను అవే గళ్లు. అయినను పంక్తికెదురు పంక్తి చదువువాడు మోసపోవును. నడుమ ఒక్క పంక్తి చేరినచో క్రిందివన్నియు ఒక మెట్టు దిగును. మారనివియు మారినట్లే తోచును.

కావున వరుసను నమ్మరాదు, గుర్తును నమ్మవలెను. పొలమునకు సబ్ డివిజనుతో కూడిన సర్వే నంబరు గుర్తు; పుస్తకమునకు పరిగ్రహణ సంఖ్య గుర్తు. పేరు గుర్తు కాజాలదు. ఒకే పేరుగల రైతులిద్దరుండవచ్చును. ఒకే గ్రంథమునకు ప్రతులు మూడుండవచ్చును.

గుర్తు క్రొత్తదానియందే యున్నచో అది చేరిన పంక్తి. పాతదానియందే యున్నచో పోయిన పంక్తి. రెంటను ఉండి, తక్కిన గళ్లలో భేదమున్నచో మారిన పంక్తి.

కంప్యూటరు చేయునదియు ఇదియే. ఐ.బి.యం. సంస్థయందలి ఎడ్గార్ కాడ్ 1970లో సమాచారమును పట్టికలుగా నిలుపు సిద్ధాంతమును ప్రకటించెను. ఆ పట్టికలను ప్రశ్నించు భాష ఎస్.క్యు.ఎల్. అందు 'ఎక్సెప్ట్' అను మాట క్రొత్త పట్టికనుండి పాత పంక్తులను తీసివేసి, మిగిలినవానిని చూపును. ఆ మిగిలినవానిలో చేరినవియు మారినవియు కలిసియుండును, గుర్తునుబట్టి విడదీయవలెను. పాతదానినుండి క్రొత్తదానిని తీసివేసినచో పోయినవియు, మారినవాని పూర్వరూపములును బయటపడును.

ఇందొక ప్రమాదము కలదు. ఖాళీ గడిని ఆ భాషలో 'నల్' అందురు. పాతదానిలో ఖాళీగానున్న అనుభవదారు గడియందు క్రొత్తగా ఒక పేరు చేరినదనుకొందము. 'ఈ రెండును వేరా?' అని సామాన్యముగా అడిగినచో యంత్రము అవుననదు, కాదనదు. ఆ పంక్తి జల్లెడనుండి జారిపోవును. ఒకరి భూమిపై మరియొకరి పేరు చడీచప్పుడు లేక నిలుచును. కావున ఖాళీలను ప్రత్యేకముగా పోల్చవలెను.

మరియొకటి. 45/1 నంబరు గల 3 ఎకరములు అన్నదమ్ములిద్దరు పంచుకొనగా 45/1ఎ, 45/1బి అయినదనుకొందము. యంత్రము ఒకటి పోయినదనియు, రెండు చేరినవనియు చెప్పును. 1.75, 1.25 ఎకరములను కూడి చూచినవానికే అది పంపకమని తెలియును. అట్లే 'వెంకట రామయ్య', 'వెంకటరామయ్య' యంత్రమునకు ఇద్దరు, గ్రామమునకు ఒక్కడే.

యంత్రము భేదమును చూపును, న్యాయాన్యాయములను చూపదు. ప్రతి మార్పునకును ఆధారపత్రమేదని అడుగవలసినది మనుష్యుడే. అడుగుటకు పాత లెక్క మిగిలియుండవలెను. క్రొత్త పుస్తకము తెరచినవేళ పాత పుస్తకమును పారవేయకుడు. ఈ గ్రంథాలయపు పట్టీలనుగూడ ఏటేట గుర్తునుబట్టి పోల్చి, చేరినవానిని, పోయినవానిని సభలో చదివి వినిపించుట మేలు. పదిమంది వినిన లెక్క చెడదు.

శుభమ్.