మీ నేలకు తగిన సంకర మొక్కజొన్న



పొరుగు చేను బాగుగా పండినచో "ఏ విత్తనము?" అని అడిగెదము. "ఏ నేల? ఏ కాలము?" అని కూడ అడుగవలెను.

మన దేశములో 1957లో సమన్వయ మొక్కజొన్న పరిశోధన పథకము ప్రారంభమైనది. ఒకే సంకర రకమును పలు ప్రాంతములలో వేసి పరీక్షించిరి. 1961లో విడుదలైన గంగ-1, గంగ-101, రంజిత్, దక్కన్ రకములు దాని తొలి ఫలములు.

ఇన్ని చోట్ల పరీక్ష ఎందుకు? వర్షాధారపు చల్కా నేలలో జల్లు వేయు సమయమున బెట్ట తగిలినచో పీచు ఆలస్యముగా వచ్చును. అప్పటికి పుప్పొడి రాలిపోవును. కండెలో గింజ పట్టదు. నీటివసతి గల చేలో ప్రథమముగా నిలిచిన రకము ఇచ్చట వెనుకబడవచ్చును. కావున శాస్త్రజ్ఞులు సగటు దిగుబడితోపాటు, గడ్డు పరిస్థితిలో అది ఎంత తగ్గునో కూడ చూతురు.

వర్షాధారమునకు స్వల్పకాలిక రకమునే ఎంచుకొనుడు. మీవంటి నేలలలో రెండు మూడేండ్ల ఫలితములను సమీప పరిశోధన స్థానములో అడుగుడు. క్రొత్త రకమును మొదట కొద్ది సెంట్లలో వేసి చూడుడు. సంకర పంట గింజను తిరిగి విత్తనముగా వాడరాదు. గుణములు చీలి దిగుబడి తగ్గును.

విత్తనము కొనుటకు ముందు వేసిన ప్రశ్న ఏడాది కష్టమును కాపాడును.