మిద్దె మీది యాంటెన్నా విరిగితే



విదురాశ్వత్థం అనగానే మీకు రావిచెట్టు, నాగప్రతిష్ఠలు, 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహంలో పోలీసు కాల్పులకు బలైనవారు గుర్తుకు వస్తారు. ఈ రోజు నేను చెప్పబోయేది అంత పెద్ద సంగతి కాదు. ఆ ఊళ్లో మా అమ్మ ఇంటి మిద్దె మీద విరిగిపోయిన టీవీ యాంటెన్నా సంగతి. చిన్న పనే. కానీ ఆ చిన్న పనిలోనే నా ప్రాణం పోవలసింది. అందుకే మీతో చెప్పాలనిపించింది.

ఆ యాంటెన్నాను మా నాన్నగారు బిగించారు. నేను ప్రాథమిక పాఠశాలలో చదివే రోజులవి. 1988 నుంచి 1990 దాకా ఆదివారం ఉదయాల్లో మహాభారతం ధారావాహిక వచ్చేది. హిందీ రాకపోయినా, మా విదురుడు ఎప్పుడు కనిపిస్తాడా అని వీధి వీధంతా మా నడవలో కూర్చునేది.

మాది సరిహద్దు ప్రాంతం. బడిలో చదువు కన్నడం, ఇంట్లో మాట తెలుగు. యాంటెన్నాను దక్షిణానికి తిప్పితే బెంగళూరు బొమ్మ, ఉత్తరానికి తిప్పితే మసకమసకగా తెలుగు బొమ్మ. ఒకరు మిద్దె మీద పైపు తిప్పాలి, ఒకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని కేకవేయాలి. పిల్లలకు కన్నడం కావాలి, అమ్మకు తెలుగు కావాలి. ఈ తగువు ప్రతి శుక్రవారం ఉండేది.

ఎందుకు తిప్పాలి అంటారా? ఆ యాంటెన్నా పేరు యాగి-ఉడా. 1926లో జపాన్‌లో షింతారో ఉడా, హిదెత్సుగు యాగి అనే శాస్త్రజ్ఞులు దాన్ని లోకానికి పరిచయం చేశారు. అల్యూమినియం కడ్డీల్లో ఒకటి తరంగాన్ని పట్టుకుంటుంది, దాని వెనకది అద్దంలా ముందుకు తిప్పికొడుతుంది, ముందున్నవి దారి చూపుతాయి. కనుక అది చూసే దిక్కు నుంచే బాగా వింటుంది. రెండు ఊళ్లను ఒకేసారి వినలేదు.

2016 వేసవిలో గాలివాన వచ్చింది. అప్పటికే కోతులు ఊగి ఊగి వంచిన కడ్డీలు ఆ రాత్రి విరిగాయి. పైపు మొదలు తుప్పుపట్టి ఒరిగింది. అమ్మ ఫోన్ చేసి, "నాయనా, ఇంట్లో మాట వినిపించడం లేదురా" అంది. నాన్నగారు పోయాక ఆమెకు సాయంత్రం పూట తోడు ఆ పెట్టె ఒక్కటే.

ఆదివారం నేనూ, మా అక్క కొడుకూ మిద్దె ఎక్కాము. పాత పైపు ఊడదీసి నిలువుగా పైకెత్తాము. ఇద్దరి కళ్లూ పైపు మొదట్లోనే ఉన్నాయి. వీధిలో సైకిలు మీద పోతున్న లైన్‌మ్యాన్ ఒక్క అరుపు అరిచాడు: "అయ్యవారూ! పైపు దించండి! పైన తీగ చూసుకోలేదా?" తలెత్తి చూస్తే కరెంటు తీగ మూరెడు దూరంలో ఉంది. నాన్నగారు పైపు నిలబెట్టిన నాటికి ఆ తీగ లేదు. తర్వాత వచ్చింది. మేము మాత్రం పాత మిద్దే కదా అని పాత ధైర్యంతో ఎక్కాము. బడిలో పిల్లలకు ఇనుము విద్యుద్వాహకమని ఏటేటా చెప్పే నేను ఆ రోజు ఆ పాఠం మరిచిపోయాను.

అందుకే శ్రోతలారా, మిద్దె ఎక్కేముందు ఒకసారి వీధిలో నిలబడి పైకి చూడండి. పైపు ఎటు ఒరిగినా, చేయిజారి పడినా తీగను తాకనంత దూరం ఉండాలి. లేకపోతే విద్యుత్ శాఖవారికి చెప్పి, కరెంటు ఆపించాకే పని మొదలుపెట్టండి. టీవీ ప్లగ్గు పీకేయండి. తడి మిద్దె మీద, గాలిలో, మబ్బు పట్టినప్పుడు ఈ పని వద్దు. ఒంటరిగా అసలే వద్దు.

తర్వాత, విరిగినదాని స్థానంలో అదే కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. మేము కొనలేదు, డిష్ పెట్టించాము. అదే మేలయింది. దూరదర్శన్ పాత పద్ధతి భూతల ప్రసారాలు విడతలవారీగా ఆగిపోతూ, 2022 నాటికి కొద్ది చోట్ల తప్ప ముగిసిపోయాయి. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ 2004లో మొదలైంది. పరికరాలు ఒకసారి కొంటే చాలు, నెలనెలా చందా లేదు.

ఈ ప్రసారం పంపే ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మన ప్రాంతం నుంచి చూస్తే అది ఆగ్నేయ దిశలో, బాగా ఎత్తున ఉన్నట్టు. ఆ వైపు కొబ్బరిచెట్టుగానీ గోడగానీ అడ్డం ఉండకూడదు. పాత తరంగాలు మీటర్ల పొడవువి, కాబట్టి కొమ్మలను లెక్కచేసేవి కావు. ఇవి మూడు సెంటీమీటర్లయినా ఉండవు. ఆకులు, జోరువాన కూడా వీటిని అడ్డగిస్తాయి. వాన పడుతున్నప్పుడు బొమ్మ పోతే చెడిపోయిందనుకోకండి, కాస్త ఆగండి.

డిష్ నిలిపే గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. దారానికి రాయి కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది. డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, తెర మీద సిగ్నల్ నాణ్యత బాగా పెరిగిన చోట బిగించాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట కొంచెం కిందికి వంపు వదలండి, వాననీరు తీగ వెంబడి లోపలికి రాకుండా అక్కడే కారిపోతుంది. గొట్టానికి ఎర్త్ వేయించండి. వేయించినా, ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా పీకండి. ఎర్త్ ఉందని పిడుగుతో పందెం వేయకూడదు.

ఆ సాయంత్రం అమ్మ రిమోట్ పట్టుకుని ఒక మీట నొక్కితే చందన వచ్చింది, ఇంకో మీట నొక్కితే సప్తగిరి వచ్చింది. కాసేపు రెండూ మార్చి మార్చి చూసి, "ఇంక ఎవరూ మిద్దె ఎక్కి తిప్పే పని లేదు కదా?" అంది. లేదన్నాను. "అదే మంచిది. నువ్వు మళ్లీ ఎక్కవద్దు" అంది. లైన్‌మ్యాన్ అరుపు ఆమె కూడా విన్నదని నాకు అప్పుడే తెలిసింది.

మీ మిద్దె మీద కూడా పాత యాంటెన్నా ఒరిగి ఉంటే, వానకాలం రాకముందే దింపించండి. ముందు మాత్రం తలెత్తి తీగ చూడండి.