భయపడే తల్లికి తోడుగా నిలుద్దాం

గర్భాలలోని రహస్యాలను ఎరిగిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!



మన ఇళ్ళలో మనం మాట్లాడుకోని దుఃఖం ఒకటి ఉంది. కడుపులోని బిడ్డను ఒకసారి పోగొట్టుకున్న స్త్రీ మళ్ళీ గర్భవతి అయితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆమె మాత్రం భయపడుతుంది. స్కానింగ్ గది ముందు ఆమె చేతులు చల్లబడతాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అప్పుడు మనం "అల్లాహ్‌పై నమ్మకం లేదా?" అని అడుగుతాము. ఇది న్యాయమైన ప్రశ్నేనా?

దివ్య ఖుర్ఆన్‌లోని 28వ సూరా 'అల్ ఖసస్'ను గమనించండి. పసికందు మూసా (అలైహిస్సలాం)ను నదిలో విడవమని, తిరిగి ఆమె ఒడికి చేరుస్తానని అల్లాహ్ ఆ తల్లికి తెలియజేశాడు. అంతటి వాగ్దానం పొందిన పిదప కూడా ఆమె హృదయం తల్లడిల్లింది. అల్లాహ్ ఆమెను మందలించలేదు. ఆమె గుండెకు బలాన్నిచ్చాడు. ఆమె కూడా ఊరకే కూర్చోలేదు. తమ్ముణ్ణి కనిపెట్టి ఉండమని కూతురిని పంపింది. కనుక భయం అవిశ్వాసం కాదు, జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధమూ కాదు.

కన్నీరు కూడా దోషం కాదు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (సఅసం) కంటతడి పెట్టారు. కాబట్టి పోయిన బిడ్డ ప్రస్తావన వచ్చినప్పుడు మాట మార్చకండి, ఆమెను చెప్పుకోనివ్వండి.

మెట్లెక్కినందుకో, ఇంటిపని చేసినందుకో బిడ్డ పోయిందని ఆమెను నిందించడం అన్యాయం. తొలి మాసాలలో జరిగే గర్భస్రావాలలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణమని వైద్యులు చెబుతున్నారు. ఒకసారి గర్భస్రావమైన వారిలో అత్యధికులు తరువాత ఆరోగ్యవంతమైన బిడ్డకు తల్లులవుతున్నారు.

ఇక మన బాధ్యత. పరీక్షలకు ఆమెను ఒంటరిగా పంపకండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దిగులు నిద్రాహారాలను హరిస్తుంటే వైద్యులకు చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడి ధైర్యం చెబుతారు. ఉపవాసం తనకో బిడ్డకో హాని చేస్తుందని భయపడే గర్భిణికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. ఇంట్లో ఎవరూ ఆమెను ఒత్తిడి చేయరాదు.

ఓ అల్లాహ్! మూసా మాతృమూర్తి గుండెను నిలిపినట్లే మా ఇళ్ళలోని తల్లుల గుండెలను నిలుపు. వారికి బరువుగా కాక బలంగా నిలిచే బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.