కృత్రిమ మేధకు స్వచ్ఛంద నియమములు



రాజోలు ప్రాంతమున అంతర్వేది స్వామివారి పేరు పెట్టుకొన్న నరసింహమూర్తులు ఊరికి ఎందరో కలరు. ఉత్తరము వచ్చినచో పోస్టుమాను ఇంటిపేరు చూచును, తండ్రి పేరడుగును, కాలువగట్టు మీది ఇల్లా, కొబ్బరితోటలోని ఇల్లా యని విచారించి మరీ అందజేయును. ఈ విచారణను యంత్రమునకు అప్పగించినచో ఏమగునో పొరుగు రాష్ట్రమైన తెలంగాణలో తెలియవచ్చినది.

అచ్చట ప్రభుత్వము ‘సమగ్ర వేదిక’ యను ఏర్పాటు ద్వారా వివిధ శాఖల దస్తరములను పేరు, చిరునామాలను బట్టి జతపరచి, రేషను కార్డునకు అనర్హులెవరో గుర్తింపజూచినది. పేర్లు పోలిన చోట ఒకరి కారు వేరొకరి లెక్కలో పడినది. కారెక్కి యెరుగని పేదలు కారు యజమానులై బియ్యము పోగొట్టుకొనిరి. వారికి ముందుగా నోటీసు లేదు. కారణము చెప్పువారును లేరు. 2016 తరువాత రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపవలెనని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించినది. అన్నియు యంత్రపు తప్పులే యనుట కాదు. మనిషి పోయి చూచినగాని ఏది తప్పో, ఏది ఒప్పో తేలదు.

వెనుకటి దస్తరములను, వ్రాతలను లక్షలకొలది చదివించి, వానిలోని పోలికలను బట్టి క్రొత్త సంగతిని ఊహించునట్లు చేసిన యంత్రగణనకే కృత్రిమ మేధ యని పేరు. పోలికయే దాని బలము, పోలికయే దాని ప్రమాదము. దీనిని అదుపులో నుంచుటకు ఐరోపా సమాఖ్య చట్టమునే చేసినది. అది 2024 ఆగస్టు 1న అమలులోనికి వచ్చినది. అమెరికాలో 2023 జూలైలో ఏడు కంపెనీలు తమంతట తాము కొన్ని వాగ్దానములు చేసినవి. భారత ప్రభుత్వము 2025 నవంబరులో ఏడు సూత్రములతో మార్గదర్శకములను వెలువరించినది. మనుష్యుడే ముఖ్యమనియు, జవాబుదారీ యుండవలెననియు, యంత్రపు తీరు అర్థమగునట్లుండవలెననియు అందు కలదు. ప్రత్యేక చట్టము ఇప్పటికి అక్కరలేదనియు, ఉన్న చట్టములతోడను స్వచ్ఛంద నియమములతోడను సాగవచ్చుననియు దాని అభిప్రాయము.

స్వచ్ఛంద నియమమును చులకన చేయుట గ్రంథాలయ సభలో తగదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది 1914లో. మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చినది 1948లో. నడుమ 34 ఏండ్లు పల్లెల గ్రంథాలయములు చందాలతోను, తాము వ్రాసికొన్న నిబంధనలతోను నడచినవి. ఆ నిబంధనలకు విలువ యెట్లు నిలిచినది? వ్రాసినవాడును, వానివలన ఇబ్బంది పడువాడును ఒకే అరుగుపై కూర్చుండెడివారు. తిరిగి ఇచ్చిన పుస్తకము పద్దులో ఎక్కకపోయినచో చందాదారుడు ఆ సాయంకాలమే వచ్చి నిలదీసెడివాడు. కృత్రిమ మేధ విషయమున ఆ అరుగు లేదు. యంత్రము కట్టినవా డొకచోట, వాడుకొను కార్యాలయము వేరొకచోట, బియ్యము పోయిన ముసలమ్మ మరియొకచోట.

కోనసీమలోను కాగితపు పనులు ఫోనులోనికి వచ్చుచున్నవి. 2025 జనవరి 30 నుండి రాష్ట్ర ప్రభుత్వపు ‘మన మిత్ర’ సేవలు వాట్సాప్‌లో లభించుచున్నవి. పత్రము కొరకు రేవు దాటి పోవు శ్రమ తగ్గుట మేలే. అయితే ఎప్పుడైనను యంత్రము ‘కాదు’ అన్నచో, ఏ దస్తరమును చూచి అన్నదో, దానిని సరిచూచిన అధికారి ఎవరో అడుగు హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టమున కలదు. ఈ రెండు ప్రశ్నలతో అర్జీ వ్రాసిపెట్టు పనిని ఈ గ్రంథాలయము వారమున కొక సాయంకాలము చేపట్టవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ అర్జీకి రుసుము లేదు. రేషను కార్డే రద్దయినవారు తమ పేదరికమునకు ఏ పత్రము చూపవలెనో మొదట అడిగి తెలిసికొనవలసియుండును.