లాప్‌టాప్ మొరాయిస్తే ముందు మనం చూసుకోవాల్సినవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాను. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్‌లో రంగరూటుగా చేరి, 28 ఏళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుని సుబేదార్‌గా బయటికొచ్చాను. చదువు ఇంటర్మీడియట్. "సాబ్, మనవాళ్ల లాప్‌టాప్‌లన్నీ మీ ఇంటికే వస్తున్నాయి కదా, ఆ నాలుగు మాటలు ఇక్కడే చెప్పండి" అని కార్యదర్శిగారు అంటే నిలబడ్డాను.

పోయిన చలికాలంలో ఒక వదినగారు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ భర్త హవల్దార్, నాతో పనిచేసినవాడు, కాలం చేశాడు. తన డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., పిల్లల సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి అందులోనే దాచాడు. ఫ్యామిలీ పెన్షన్ పనికి అవి కావాలి. బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఒక దుకాణంలో మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నారట. నేను చార్జర్, బ్యాటరీ తీసేసి, అడుగు మూత విప్పి, ర్యామ్ ముక్కను బయటికి లాగాను. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమనేదాకా మళ్లీ కూర్చోబెట్టాను. తెర వెలిగింది. భర్త ఫోటో కనపడేసరికి వదినగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఫౌజులో బండి ఆగితే తిన్నగా వర్క్‌షాపుకు తోలం. ముందు డ్రైవరు తను చూడాల్సినవి చూస్తాడు. తర్వాత ఎల్.ఏ.డి., ఆ పైన ఫీల్డ్ వర్క్‌షాపు. లాప్‌టాప్‌కీ అదే వరస. మనం డ్రైవర్లం, నెహ్రూ ప్లేస్ ఫీల్డ్ వర్క్‌షాపు. మన పని మనం చెయ్యకుండా మెట్రో ఎక్కితే, అక్కడివాడు చెప్పిందే రోగం.

అసలు ప్రాణమే లేదనుకోండి. ముందు ఆ ప్లగ్గులో వేరే ఏదైనా పెట్టి కరెంటుందో లేదో చూడండి. నవ్వకండి, నా దగ్గరికి వచ్చినవాటిలో ఇలాంటివీ ఉన్నాయి. తర్వాత అడాప్టర్. దాని మీద ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది. గుండ్రటి పిన్ను ఉన్నవి చాలావరకు 19 వోల్టుల చుట్టూ ఉంటాయి. మల్టీమీటర్ ఉంటే కొలవండి. అదీ బాగుంటే చార్జర్ తీసి, ఊడదీసే బ్యాటరీ అయితే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. మళ్లీ పెట్టి చూస్తే చాలాసార్లు లేస్తుంది.

లైటు ఉండి తెర లేకపోతే హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఇంట్లో టీవీకి తగిలించండి. టీవీలో బొమ్మ వస్తే మదర్‌బోర్డు పోలేదు, తెరో దాని కేబులో చూడాలి. చీకట్లో తెర మీద టార్చి ఏటవాలుగా వేసినప్పుడు బొమ్మ మసగ్గా కనపడితే పోయింది వెనక లైటు మాత్రమే. ఎక్కడా బొమ్మ లేకపోతే ర్యామ్ సంగతి చూడండి. ఈమధ్య పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. వారంటీ ఉన్నదాన్ని అసలు విప్పొద్దు.

మన ఢిల్లీకి ఇంకో జబ్బు ఉంది, దుమ్ము. అరగంట నడిచి దానంతటదే ఆగిపోతోందంటే వేడెక్కి తనను తాను కాపాడుకుంటోందని అర్థం. ఫ్యాను జాలీలో దూది పరిచినట్టు దుమ్ము ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి చెడిపోతుంది. జనవరిలో రజాయి మీద పెట్టుకుని సినిమా చూసే అలవాటు మానండి, కింద గాలి ఆడదు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే చార్జింగ్ వెంటనే ఆపండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. అది లిథియం, అంటుకుంటుంది. టీ ఒలికితే వెంటనే కరెంటు తీసి, ఆఫ్ చేసి, బోర్లించండి. ఆరిందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చెయ్యడమే మనవాళ్లు చేసే తప్పు.

హార్డ్ డిస్క్ దగ్గర నేనే తప్పు చేశాను. మా నాన్నగారు పోకముందు ఊళ్లో ఆయన మాటలు రికార్డు చేసి పాత లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. ఒకరోజు డిస్కు టిక్కు టిక్కుమంది. ఇంత సర్వీసు చేసినవాణ్ణి, నాకు తెలియదా అని ఇరవైసార్లు ఆన్ చేశాను. డేటా తీసేవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి పళ్లెం మీద గీతలు పడిపోయాయి. మొదటి చప్పుడుకే ఆపి ఉంటే దక్కేదేమో. మా నాన్నగారి గొంతు ఇప్పుడు నా దగ్గర లేదు. ఎస్.ఎస్.డి. అయితే ఆ చప్పుడు కూడా చెయ్యదు, ఒకరోజు కనపడకుండా పోతుంది. అందుకని ఇంటికి వెళ్లగానే ముఖ్యమైనవి ఇంకో డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు వీలైతే డిస్కు తీసి ఇంట్లో ఉంచుకోండి. లోపలి పార్టుల నంబర్లు ఫోటో తీసుకోండి, పాత పార్టు అడిగి తీసుకోండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు కాగితం సొంత లాప్‌టాప్‌లో ఉండనే కూడదు.

విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ మెసేజి చూసి మెషీన్ చెడిపోయిందని కంగారుపడి ఇద్దరు ఫోన్ చేశారు. అది హార్డ్‌వేర్ జబ్బు కాదు.

సంచిలో స్క్రూడ్రైవర్లు, రబ్బరు, మల్టీమీటర్ తెచ్చాను. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు విరామంలో వెనక బల్ల దగ్గరికి రండి. టీ మాత్రం అక్కడికి తేవద్దు. జై హింద్.