బెంగళూరు వెళ్లాలా వద్దా? ఆర్కిటెక్చర్ చదివిన వాళ్లకి నా అనుభవం

 

పోయిన వీడియో కింద విశాఖపట్నం నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అక్కా, బీఆర్క్ ఫైనల్ ఇయర్. బెంగళూరులో ఆఫర్ వచ్చింది. ఇంట్లో ఇక్కడే ఉండమంటున్నారు. వెళ్లాలా?" అని. ఒక్క లైన్‌లో రిప్లై ఇవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్న 2016లో నాకూ ఉంది, అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీని గురించే. నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్తాను, చివరిదాకా ఉండండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చదువు విజయవాడలో. బెంగళూరులో ఒక చిన్న ఆఫీసులో 18 వేల జీతానికి చేరాను. ఐదేళ్లు చదివి 18 వేలా అని మా మేనమామ నవ్వాడు. పీజీకి 8 వేలు, బస్సులకి, తిండికి ఇంకో ఆరు. మిగిలినవి ప్రింట్లకీ ఫోన్‌కీ. ఏడాది తర్వాత ఫ్రెండ్‌తో కలిసి ఇల్లు చూస్తే ఓనర్ పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగాడు. ఆ డబ్బు నాన్న పంపాడు. కాబట్టి మొదటి మాట ఇదే. జీతం ఎంత అని ఒక్కటే చూడకండి. అడ్వాన్స్ ఎంత, ఆఫీసుకి ఎంత దూరం, శనివారం పనుందా లేదా, సైట్‌కి పంపిస్తారా లేదా, ఇవన్నీ అడగండి. కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే వెళ్లండి.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఊరు మారితే ల్యాప్‌టాప్ తీసుకెళ్తే సరిపోతుంది, కోడ్ మారదు. మన పని అలా కాదు. ఊరు మారితే ఎండ మారుతుంది, గాలి మారుతుంది, రాయి మారుతుంది, రూల్స్ మారతాయి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ దేశాన్ని ఐదు వాతావరణాలుగా విడదీస్తుంది. విజయవాడ, విశాఖ వేడి, ఉక్కపోత ఉండే జోన్‌లోకి వస్తాయి. హైదరాబాద్ కాంపోజిట్. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి టెంపరేట్. పరీక్షలో ఇవన్నీ రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ చెయ్యి మాత్రం విజయవాడదే.

మొదటి ఇంటి డ్రాయింగ్‌లో నాలుగు వైపులా మూడడుగుల సన్‌షేడ్ వేశాను. తూర్పున చిన్న కిటికీలు, పడమర దాదాపు మూసేశాను. మన దగ్గర మే నెలలో పడమటి నుంచి వడగాలి కొడుతుంది, సాయంత్రం సముద్రం వైపు నుంచి పైరగాలి వస్తే ప్రాణం లేచి వస్తుంది. నా ఒంటికి తెలిసింది అదే. మా సార్ డ్రాయింగ్ చూసి కోప్పడలేదు. "ఈ సైట్‌కి వెళ్లి మధ్యాహ్నం రెండింటికి నిలబడు" అన్నారు, అంతే.

వెళ్లాను. 30/40 సైట్. అంటే 1200 చదరపు అడుగులు, మన లెక్కలో 133 గజాలు, సెంట్లలో చెప్తే రెండు ముప్పావు. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లు, చెయ్యి చాపితే గోడ తగిలేంత దగ్గర. అక్కడ ఎండ సమస్యే కాదు. వెలుతురే లేదు! నేను గీసిన ఇల్లు కడితే పగలు కూడా లైటు వేసుకోవాలి. అందుకే బెంగళూరు చిన్న సైట్లలో వెలుతురు పైనుంచి తెస్తారు. మెట్ల మీద స్కైలైట్, మధ్యలో చిన్న కోర్ట్. జనవరి పొద్దున చలికి తూర్పు ఎండ లోపలికి రావాలని వాళ్లే అడుగుతారు. ఇదంతా నాకు కొత్త.

సరే, భాష. కన్నడ మనకి దగ్గరే కదా అనుకుంటాం. గోడని గోడె అంటారు, కిటికీని కిటకి, ఇటుకని ఇట్టిగె. వినగానే వచ్చేసింది అనిపిస్తుంది. తీరా మేస్త్రి "ఉద్ద ఎష్టు, అగల ఎష్టు" అంటే బిక్కమొహం వేశాను. ఉద్ద అంటే పొడవు, అగల అంటే వెడల్పు. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఒక చిన్న పుస్తకంలో సైట్ మాటలు ఒక యాభై రాసుకున్నాను. మూడు నెలల్లో మేస్త్రి నన్ను "మేడమ్, ఊట ఆయ్తా?" అని పలకరించడం మొదలుపెట్టాడు, అంటే భోజనం అయిందా అని. ఆ రోజు నుంచి నా డ్రాయింగ్‌లో తప్పుంటే కట్టాక కాదు, కట్టకముందే చెప్పేవాడు. భాష నేర్చుకున్నందుకు నాకు వచ్చిన లాభం ఇది.

తర్వాత కాగితాలు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద వస్తుంది, దేశమంతా చెల్లుతుంది. రాష్ట్రం మారితే మళ్లీ చేయించుకోవక్కర్లేదు. అడ్రస్ మార్చుకోండి, రెన్యువల్ మర్చిపోకండి. డిగ్రీ ఉన్నా ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు, ఇది గుర్తుంచుకోండి. కానీ ప్లాన్ అనుమతి రూల్స్ మాత్రం ఎక్కడికక్కడే. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల లోపు చిన్న ఇంటికి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు వరకు ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ పెట్టారు. అదే అలవాటుతో బెంగళూరు వెళ్తే, అక్కడ మొదటి ప్రశ్న "ఏ ఖాతానా, బీ ఖాతానా?" అని. ఆ ఖాతా కాగితం చూడకుండా పెన్సిల్ పట్టుకోవద్దని మా సార్ మొదటి వారమే చెప్పారు.

ఇక నీళ్లు. మనం కృష్ణ ఒడ్డున పెరిగాం, ప్రకాశం బ్యారేజీ చూస్తూ బస్సెక్కిన వాళ్లం. బెంగళూరుకి కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, కొండెక్కినట్టు పైకి పంపు చేసుకుని రావాలి. అందుకే అక్కడ ఇంటి ప్లాన్‌లో సంపు ఎక్కడ, వాన నీళ్లు ఎక్కడికి పోతాయి అన్నది ముందు తేల్చుకోవాలి. 2009లో చట్టం సవరించాక 30/40లో కట్టే కొత్త ఇంటికి కూడా వాన నీటి ఏర్పాటు తప్పనిసరి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం ఎంత తిప్పలు పడ్డారో మీరూ ఫోన్లలో చూసే ఉంటారు. నీళ్ల గురించి అంత జాగ్రత్తగా ఆలోచించడం నాకు ఆ ఊరే నేర్పింది.

ఇప్పుడు నేను చెప్తానన్న తప్పు.

2019లో నాన్న రిటైర్ అయ్యాడు. పాత పెంకుటిల్లు తీసేసి కొత్తిల్లు కడదాం, మా అమ్మాయే ప్లాన్ గీస్తుంది అని ఊరంతా చెప్పుకున్నాడు. నేను మూడేళ్ల బెంగళూరు గర్వంతో ఉన్నాను. హాలు మధ్యలో పెద్ద స్కైలైట్ పెట్టాను. ముందు అరుగు తీసేశాను, లుక్ పాడవుతుందని! నాన్న ప్లాన్ చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. "అరుగు ఏదమ్మా?" నేను నవ్వి, "ఇప్పుడు ఎవరూ పెట్టుకోవట్లేదు నాన్నా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు ఆయన.

గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగింది. ఫొటోలకి లైకులు కూడా బాగా వచ్చాయి. ఆ తర్వాత మే నెల వచ్చింది. అమ్మ ఫోన్‌లో మాటల మధ్య అంది. "మీ నాన్న పగలు హాల్లో కూర్చోడం లేదే. పడక్కుర్చీ వెనక వేపచెట్టు కిందకి లాక్కుపోతున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బెంగళూరులో వెలుతురు తెచ్చిన అదే స్కైలైట్ మా ఊళ్లో పొయ్యి అయింది. ఎండ నడినెత్తిన ఉండే చోట, నాలుగు వైపులా ఖాళీ ఉన్న స్థలంలో, పైనుంచి వెలుతురు తేవాల్సిన అవసరమే లేదు. విజయవాడ చేత్తో బెంగళూరు ఇల్లు గీసినప్పుడు సార్ ఆపారు. బెంగళూరు చేత్తో మా ఊరి ఇల్లు గీసినప్పుడు ఆపడానికి ఎవరూ లేరు. నాన్న ఆపబోయాడు, నేనే వినలేదు.

తర్వాత లీవ్ పెట్టి వెళ్లాను. అద్దం తీయించి, దాని మీద చుట్టూ గాలి పోయేలా ఖాళీ వదిలి మంగుళూరు పెంకులతో చిన్న కప్పు వేయించాం. వేడి గాలి పైకి పోతుంది, ఎండ మాత్రం పడదు. ముందు వైపు వరండా దించి అరుగు కట్టించాం. మొత్తం 65 వేలు అయింది, ఈసారి నా జీతంలోంచే. ఇప్పుడు సాయంత్రం ఐదైతే ఆ అరుగు మీద నలుగురు ఉంటారు. నాన్న ఆ విషయం ఇప్పటికీ ఎత్తడు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

సో తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు. వెళ్లు. తప్పకుండా వెళ్లు. వెళ్లకపోయి ఉంటే మా ఊరి పైరగాలికి విలువ ఉందని కూడా నాకు తెలిసేది కాదు. కానీ వెళ్లేముందు ఒక ఆదివారం టేపు తీసుకుని మీ ఇల్లు కొలువు. కిటికీ ఎంత, సన్‌షేడ్ ఎంత, మధ్యాహ్నం అమ్మ ఎక్కడ కూర్చుంటుంది, ఎందుకక్కడే కూర్చుంటుంది, రాసుకో. కొత్త ఊళ్లో మొదటి నెల అదే పని మళ్లీ చెయ్యి. ఆఫీసులో చేరేటప్పుడే, నేను పనిచేసిన డ్రాయింగ్స్ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అని రాతపూర్వకంగా అడుగు. నేను అడగలేదు, మానేసే రోజు రెండేళ్ల పనికి చూపించడానికి ఒక్క షీట్ లేకుండా బయటికొచ్చాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా చివరి రోజు దాకా ఆగకుండా ముందే అడుగు.

ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు అన్నావు కదా. వాళ్లతో వాదించకు. మన ఇంటి గురించి ఏం నచ్చుతుంది, ఏం నచ్చదు అని అడిగి కూర్చో. ఒక గంట వాళ్లు చెప్పింది నువ్వు వింటే, తర్వాత నువ్వు చెప్పేది వాళ్లూ వింటారు.

మీలో ఎవరైనా ఊరు మారిన ఆర్కిటెక్ట్స్ ఉంటే, కొత్త ఊళ్లో మీరు చేసిన మొదటి తప్పు ఏంటో కామెంట్లో రాయండి. సిగ్గుపడకండి, నాది చెప్పేశాను కదా! వీడియో నచ్చితే ఈ ఫీల్డ్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కి ఒక్కరికి పంపండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఉంటాను, బై.