కొబ్బరి పొట్టు - పెరటికి తోడు



కొబ్బరిలో పారేసేది ఏదీ లేదని పెద్దలు అంటారు. నీళ్ళు తాగుతారు. కొబ్బరి కోరి పచ్చడి చేస్తారు. చిప్ప పొయ్యిలోకి వస్తుంది. ఆకుల ఈనెలు చీపురు అవుతాయి. డొక్క నుంచి పీచు తీసి తాళ్ళు పేనుతారు. మరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టు? దానినే చాలా చోట్ల పారేస్తున్నారు.

కోనసీమలో డొక్కల నుంచి పీచు తీసే మిల్లులు ఉన్నాయి. ఆ మిల్లుల్లో ఆడవాళ్ళే ఎక్కువగా పీచు ఎండబెడతారు, కట్టలు కడతారు. 10 కిలోల డొక్కలో పీచు సుమారు 3 కిలోలే. మిగిలిన 7 కిలోలూ పొట్టే. పీచు లారీ ఎక్కిపోతుంది. పొట్టు ఊరి పక్కన గుట్ట పడుతుంది. ఎండాకాలంలో గుట్ట అంటుకుంటే రోజుల తరబడి పొగ. వానాకాలంలో గుట్ట నుంచి ఎర్రని నీరు కారి కాలవలో కలుస్తుంది. ఆ కాలవలోనే బట్టలు ఉతుకుతారు, పశువులకు నీళ్ళు పెడతారు.

ఇదే పొట్టును ఇటుకలుగా నొక్కి విదేశాలకు కూడా పంపుతున్నారు. దాన్ని కోకోపీట్ అంటారు. వాళ్ళకు ఎందుకు? చలి దేశాల్లో మొక్కల పెంపకానికి 'పీట్' అనే నల్లని పదార్థం వాడతారు. అది చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్ళు పేరుకుంటే తయారవుతుంది. ఒకసారి తవ్వితే మళ్ళీ తొందరగా రాదు. కొబ్బరి చెట్టు అయితే ఏటా కాస్తుంది. ఏటా డొక్క వస్తుంది, ఏటా పొట్టు వస్తుంది.

పొట్టులో ఉన్న మంచి ఏమిటి?

నీరు దాచుకునే గుణం. కిలో ఎండు పొట్టు అయిదారు కిలోల నీటిని పట్టి ఉంచుతుంది. బిందెలు మోసి మొక్కలు పెంచే ఆడవాళ్ళకు ఇది ఎంతో మేలు. మట్టి కుండీకి రోజూ నీళ్ళు పోయాలి. పొట్టు కలిపితే అన్ని నీళ్ళు అక్కర్లేదు. ఇసుక నేలలో నీరు నిలుస్తుంది. బంకమట్టి నేల గుల్లబారుతుంది, వేళ్ళకు గాలి ఆడుతుంది.

మరి లోపం ఏమిటి?

రెండు ఉన్నాయి. ఒకటి ఉప్పు. సముద్రం దగ్గర తోటల డొక్కల్లో, ఉప్పు నీటిలో నానబెట్టిన డొక్కల్లో ఉప్పు ఉంటుంది. దానికి నారు మాడిపోతుంది. రెండోది, పొట్టులో మొక్కకు తిండి చాలా తక్కువ. పైగా పచ్చి పొట్టు మట్టిలో కుళ్ళేటప్పుడు అక్కడి నత్రజనిని తనే లాగేసుకుంటుంది. మొక్క ఆకులు పసుపు పచ్చగా మారతాయి. "పొట్టు వేస్తే మొక్క చచ్చింది" అని కొందరు అనేది అందుకే. పొట్టు నీళ్ళు ఇస్తుంది, అన్నం పెట్టదు. అన్నం పెట్టేది ఎరువే.

ఇలా చేయండి:

1. పొట్టును గోనెసంచిలో పోసి, మంచి నీటిలో ఒక రాత్రి నానబెట్టండి. మర్నాడు పిండండి. ఇలా మూడుసార్లు చేయండి. మొదట నీరు టీ డికాషన్ రంగులో వస్తుంది. తర్వాత తేటపడుతుంది. ఆ నీటిని మొక్కలకు పోయకండి. బావి దగ్గర పారబోయకండి.

2. ఒక తట్ట పొట్టు, ఒక తట్ట మట్టి, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. వానపాముల ఎరువు ఉంటే ఇంకా మంచిది.

3. పాత బకెట్టుకో, డబ్బాకో అడుగున నాలుగు చిల్లులు పెట్టి నింపండి. తోటకూర, పాలకూర, గోంగూర చల్లండి. వంగ, టమాటా, మిరప నారు పోయండి.

4. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. వేలు గుచ్చి చూశాకే నీళ్ళు పోయండి. ఎక్కువ పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

సంఘం ఆడవాళ్ళు కలిస్తే పొట్టునే ఎరువుగా మార్చవచ్చు. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, పుట్టగొడుగుల విత్తనం కావాలి. వీటిని పొరలు పొరలుగా వేసి, నీడలో తడి ఆరకుండా ఉంచాలి. ఒకటి రెండు నెలల్లో పొట్టు నల్లబడి ఎరువు అవుతుంది. అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ సలహా అడగవచ్చు.

బజారులో కోకోపీట్ ఇటుక కొనేవాళ్ళకు ఒక మాట. 5 కిలోల ఇటుక నీటిలో ఉబ్బి సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. కొనే ముందు దాని మీద రాసింది చదవండి. బరువు ఎంత? కడిగిన పొట్టా, కడగనిదా? 'ఇ.సి.' అని ఉంటే అది ఉప్పును తెలిపే లెక్క. అది తక్కువ ఉండాలి. ఇంగ్లీషులో రాసి ఉంటే బడికి వెళ్ళే పిల్లల చేత చదివించండి. చదవకుండా డబ్బు ఇవ్వకండి. నేర్చుకున్న అక్షరం ఇక్కడ పనికొస్తుంది.

మీ ఊళ్ళో పొట్టు గుట్టలు ఉన్నాయా? మిల్లు యజమానిని అడిగి ఒక గోనెసంచి తెచ్చుకోండి. ఒక్క బకెట్టులో తోటకూరతో మొదలుపెట్టండి. కూర ఎలా వచ్చిందో పక్కింటి వాళ్ళకు చెప్పండి.